అమ్మమ్మ మెంతుల బుట్ట: చిన్న బొమ్మలకి ఇంట్లోనే చేసుకునే డబ్బాలు

 

ముందుగా ఒక ప్రశ్న. మీ ఇంట్లో చిన్న పిల్లలు ఉన్నారా? ఉంటే, రాత్రి పూట మంచినీళ్ళకి లేచి చీకట్లో నడుస్తుంటే కాలి కింద ఏదో గుచ్చుకుని "అమ్మా" అని అరిచిన అనుభవం మీకు ఉండే ఉంటుంది. అది బ్లాక్ ముక్క కావచ్చు, బొమ్మ కారు కావచ్చు, చాక్లెట్ గుడ్డులో వచ్చిన బుల్లి బొమ్మ కావచ్చు. పెద్ద బొమ్మలతో ఈ బాధ లేదండి. టెడ్డీ బేర్ ఎక్కడున్నా కనిపిస్తుంది. బొటనవేలంత బొమ్మలతోనే వస్తుంది ఇబ్బంది. ఇవాళ ఉంటాయి, రేపు ఉండవు. సోఫా సందుల్లో, మంచం కింద, చీపురు కట్టలో తేలతాయి.

అందుకే ఇవాళ్టి ఎపిసోడ్ లో చిన్న బొమ్మలు దాచుకోడానికి ఇంట్లోనే అందమైన డబ్బాలు ఎలా చేసుకోవాలో చెప్తాను. "5 నిమిషాల్లో 10 ఐడియాలు" లాంటి వీడియో కాదు ఇది. ఒక్క బుట్ట మొదటి నుంచి చివరి దాకా చెప్తాను, దాని పక్కన ఒక చిన్న సొరుగుల పెట్టె కూడా. అంతకంటే ముందు నేను చేసిన ఒక తప్పు చెప్పాలి. ఆ తప్పు జరక్కపోతే ఈ వీడియోనే లేదు.

రెండేళ్ళ కిందటి మాట. సంక్రాంతికి మా అక్క పిల్లలతో ఇంటికొచ్చింది. పెద్దది 6 ఏళ్ళ పాప. చిన్నోడికి అప్పటికి 14 నెలలు, అంటే పట్టుకుని నిలబడి నాలుగు అడుగులు వేసే వయసు. చేతికి ఏది దొరికితే అది నోట్లోకే. పాపకి ఒక గిఫ్ట్ ఇద్దామని నేను ఒక బొమ్మల డబ్బా చేశాను. చెప్పుల అట్టపెట్టె తీసుకున్నా. దానికి మెరిసే కాగితం అంటించా. గ్లూ గన్ తో చుట్టూ ముత్యాల్లాంటి పూసలు, మధ్యలో అద్దాలు, మూత మీద కుందన్ రాళ్ళు. ఎంత బాగా వచ్చిందంటే, ఫోటో తీసి స్టేటస్ పెట్టుకున్నా. అందరూ హార్ట్ లు పెట్టారు.

మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక చిన్నోడు చాప మీద కూర్చుని ఏదో చప్పరిస్తున్నాడు. అక్క చూసి, "ఏంట్రా నోట్లో?" అని బుగ్గ నొక్కి నోరు తెరిచింది. బుగ్గ పక్కనే తెల్లగా పూస. కనిపిస్తోంది కాబట్టి వేలితో తీసేసింది. వాడికేం కాలేదు. వాడు నవ్వుతున్నాడు కూడా.

నేను వెళ్ళి డబ్బా చూశాను. మూడు చోట్ల పూసలు లేవు, ఎండిన గ్లూ చుక్కలు మాత్రమే ఉన్నాయి. ఒకటి నోట్లో దొరికింది. ఒకటి చాప మడతలో దొరికింది. మూడోది? ఫ్రెండ్స్, ఆ మూడో పూస కోసం ఇల్లంతా వెతికాం. మంచం జరిపాం, దిండు గలీబులు దులిపాం. వాడు మింగేశాడా లేదా అన్న సంగతి వాడు చెప్పలేడు కదా. దాదాపు మూడు గంటల తర్వాత చీపురు పుల్లల మధ్య ఇరుక్కుని దొరికింది. ఆ మూడు గంటల్లో అక్క నన్ను ఒక్క మాట కూడా అనలేదు. దొరికాక ఆ డబ్బా తీసి బీరువా పైన పెట్టేసింది. అంతే. తిట్టి ఉంటే బాగుండేది అనిపించింది నాకు.

ఆ రాత్రి అమ్మ అటక ఎక్కించి ఒక మూట దింపించింది. అందులో మా అమ్మమ్మ చేసిన బుట్ట ఉంది. నా చిన్నప్పుడు నా లక్కపిడతలు అందులోనే ఉండేవి. పొయ్యి, కుండ, రోలు, తిరగలి, బుల్లి బిందె అన్నీ. లక్కపిడతలు తెలియని వాళ్ళకి చెప్తాను, చెక్కతో చేసి లక్క పూత పూసిన బుల్లి వంట సామాను. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాక బొమ్మలు విన్నారు కదా, అంకుడు కర్రని తరిణె మీద తిప్పుతూ లక్క రంగులు ఎక్కిస్తారు, అలాంటివి.

ఆ బుట్ట చేతిలోకి తీసుకుంటే చెక్కలాగా గట్టిగా ఉంది, బరువు మాత్రం లేదు. జాజు రంగు, దాని మీద తెల్లటి గీతల ముగ్గు. గోటితో గీకి చూశాను, ఊడడానికి ఏమీ లేదు. పూస లేదు, అద్దం లేదు, మేకు లేదు. 25 ఏళ్ళు దాటినా అంచు కూడా చెదరలేదు. "ఇది దేంతో చేసిందమ్మా?" అని అడిగితే, "కాగితాలు నానబెట్టి మెంతులతో రుబ్బేది. చెంబు మీద వేసేది. నాకు అంతే గుర్తు" అంది. అమ్మమ్మ పోయి అప్పటికే 4 ఏళ్ళు. అడగడానికి మనిషి లేదు.

సరే, ఇప్పుడు విషయంలోకి వద్దాం. కాగితం గుజ్జు మనకి కొత్తదేం కాదు. వెదురు చాటలకి, బుట్టలకి సందులు పడితే కాగితం గుజ్జులో మెంతుల ముద్ద కలిపి అలికేవాళ్ళు. మీ ఇంట్లో నాయనమ్మనో అమ్మమ్మనో అడగండి, వెంటనే గుర్తుపడతారు. కాశ్మీర్ లో ఇదే కాగితం గుజ్జుతో పెట్టెలు చేసి వాటి మీద పూలు, పక్షులు వేస్తారు. మన కొండపల్లి బొమ్మల్లో కూడా ఇలాంటి ఉపాయమే ఉంది. తెల్ల పొణికి కర్రతో భాగాలు విడిగా చెక్కుతారు, తర్వాత చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. అంటే వంటింట్లో దొరికే గింజలతోనే జిగురు. మెంతులు కూడా అలాంటివే. నానితే జిగటగా అవుతాయి చూశారా, ఆ జిగటే కాగితం పీచుని పట్టి ఉంచుతుంది.

కావలసినవి రాసుకోండి. న్యూస్ పేపర్ పెద్ద షీట్లు 10. మెంతులు ఒక గుప్పెడు, సుమారు 50 గ్రాములు. అచ్చు కోసం ఒక స్టీలు గిన్నె. ఒక పాలిథిన్ కవర్. లోపల అంటించడానికి పాత కాటన్ చీర ముక్క. కొంచెం మైదా. రంగులు. ఒక శాండ్ పేపర్ ముక్క, మన వైపు ఉప్పు కాగితం అంటారు. అంతే. సుమారు 16 సెంటీమీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న బుట్ట దీంతో వస్తుంది. ఒక సెట్టు లక్కపిడతలు గానీ, ఓ పాతిక బొమ్మ కార్లు గానీ పడతాయి.

మొదటి రోజు. పేపర్ ని రూపాయి బిళ్ళంత ముక్కలుగా చింపండి. కత్తిరించొద్దు, చింపండి. చింపితే అంచుల్లో పీచు బయటికొస్తుంది, బాగా నానుతుంది. ఈ పని పిల్లలకి ఇవ్వండి, ఎంత ఆనందంగా చేస్తారో చూడండి. మెరిసే మ్యాగజైన్ కాగితం మాత్రం కలపకండి, అది సరిగా నానదు. చింపిన ముక్కలు బకెట్ లో వేసి నిండా నీళ్ళు పోసి రెండు రోజులు ఉంచండి. రెండో రోజు ఆ నీళ్ళు పారబోసి కొత్త నీళ్ళు పోయండి. లేకపోతే వాసన వస్తుంది. రెండో రోజు రాత్రి మెంతులు విడిగా నానబెట్టండి.

మూడో రోజు. నానిన కాగితాన్ని రోట్లో దంచొచ్చు. రోలు లేకపోతే మిక్సీ. మిక్సీలో ఒకేసారి ఎక్కువ వేయకండి. ఒక పిడికెడు కాగితం, జార్ సగం దాకా నీళ్ళు, పది పది సెకన్లు ఆపి ఆపి తిప్పండి. నీళ్ళు తక్కువైతే మోటారు వేడెక్కి కాలిపోతుంది, ఆ తర్వాత ఇంట్లో ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. గుజ్జుని పాత గుడ్డలో వేసి పిండండి. మరీ పొడిగా కాదు, చేతిలో ముద్ద చేస్తే నిలబడాలి, నీళ్ళు కారకూడదు. ఆ పిండిన నీళ్ళు సింక్ లో పోయొద్దు. పీచు వెళ్ళి పైపులో పేరుకుంటుంది. పెరట్లోనో కుండీలోనో పోసేయండి.

ఇప్పుడు మెంతులు మెత్తగా రుబ్బి గుజ్జులో కలపండి. చపాతీ పిండిలాగా పది నిమిషాలు పిసకాలి. ఇక్కడ బద్ధకిస్తే తర్వాత బీటలు వస్తాయి. చేతులకి రెండు రోజులు మెంతుల వాసన ఉంటుంది, ముందే చెప్తున్నా.

తర్వాత అచ్చు. మొదటిసారి నేను ఫెయిల్ అయింది ఇక్కడే. అమ్మ "చెంబు మీద" అంది కదా, నేను నిజంగానే చెంబు బోర్లించి మెడ దాకా గుజ్జు పట్టించేశాను. ఎండింది, గట్టిపడింది, కానీ బయటికి ఎలా వస్తుంది? చెంబు పొట్ట లావు, మెడ సన్నం. చివరికి బుట్టని కత్తితో కోసి చెంబు తీయాల్సి వచ్చింది. అమ్మమ్మ చెంబు పొట్ట దాకానే వేసి ఉంటుందని అప్పుడు అర్థమైంది. కాబట్టి మీరు అడుగు చిన్నగా, నోరు వెడల్పుగా ఉండే గిన్నె తీసుకోండి. దాన్ని బోర్లించి, పైన పాలిథిన్ కవర్ తొడిగి, ముడతలు లేకుండా లాగి కట్టండి. గుజ్జు ఎండేటప్పుడు కుంచించుకుపోతుంది, గిన్నెని గట్టిగా పట్టేస్తుంది. కవర్ లేకపోతే ఊడిరాదు.

గుజ్జుని చిన్న చిన్న బిళ్ళలుగా చేసి, అడుగు నుంచి మొదలుపెట్టి ఒకదాని అంచు మీదకి ఇంకోటి వచ్చేలా అద్దుకుంటూ రండి. మందం సుమారు 1 సెంటీమీటర్. ఎండాక సగానికి దగ్గరగా వస్తుంది. అంచు దగ్గర కొంచెం మందంగా ఉంచండి, పిల్లలు పట్టుకుని లాగేది అక్కడే. చివర్లో తడి చేత్తో మొత్తం నున్నగా నిమరండి.

ఇక ఎండబెట్టడం. రెండోసారి ఇక్కడ ఫెయిల్ అయ్యాను. జులైలో చేశాను, బయట ముసురు. ఫ్యాన్ కింద పెట్టాను. పైకి ఎండినట్టే ఉంది. నాలుగో రోజు తీసి చూస్తే లోపల పచ్చగా బూజు. పిల్లల చేతికి ఇచ్చే వస్తువు, బూజు తుడిచి వాడదాం అనుకోకూడదు. పారేశాను. మూడోది మార్చిలో, ఎండలు ముదిరాక చేశాను. మొదటి పూట నీడలో పెట్టా, ఎందుకంటే తడి మీద ఒక్కసారిగా ఎండ తగిలితే పైపొర ముందే బిగిసి బీటలిస్తుంది. ఆ తర్వాత ఎండలో పెట్టా. ఒక రోజు తర్వాత, ఇంకా కొంచెం తడి ఉండగానే గిన్నె మీద నుంచి మెల్లగా తిప్పుతూ తీసేసి, లోపలి వైపు కూడా ఎండ తగిలేలా పెట్టా. మొత్తం 4 రోజులు పట్టింది.

ఎండిందో లేదో ఎలా తెలుస్తుంది? బుట్ట అడుగుని మీ బుగ్గకి ఆనించి చూడండి. చల్లగా తగిలితే ఇంకా లోపల తడి ఉన్నట్టు. ఇంకో గుర్తు, వేలి కణుపుతో కొడితే టక్ టక్ మని చెక్క శబ్దం రావాలి. మొద్దుగా వినిపిస్తే ఇంకో రోజు ఆగండి. ఇది ముఖ్యం, ఎందుకంటే తడి బుట్టలో కొండపల్లి బొమ్మలు పెడితే వాటి రంగు పాడవుతుంది. లక్క బొమ్మలకి చెమ్మ కంటే వేడి పెద్ద శత్రువు. లక్క వేడికి మెత్తబడుతుంది, అందుకే వాటిని వేడి నీళ్ళతో కడగొద్దు, బుట్టతో సహా ఎండలో వదిలేయొద్దు. పొడి గుడ్డతో తుడిస్తే చాలు.

బుట్ట అయింది. మరి మూత? చిన్నోడున్న ఇంట్లో మూత లేకపోతే బుట్ట ఉన్నా లేనట్టే. చాలామంది బుట్ట, మూత ఒకేసారి చేస్తారు. అప్పుడు రెండూ వేరువేరుగా కుంచించుకుపోయి ఒకదానికొకటి పట్టవు. బుట్ట పూర్తిగా ఎండాక, ఆ బుట్టనే మూతకి అచ్చుగా వాడండి. బుట్ట నోటి మీద ఒక గట్టి అట్ట ముక్క గుండ్రంగా కోసి పెట్టండి. అంచు చుట్టూ నాలుగు పొరల న్యూస్ పేపర్ చుట్టి, దాని మీద పాలిథిన్ కవర్ కట్టండి. ఇప్పుడు పైన గుజ్జు వేసి, అంచు మీద నుంచి 2 సెంటీమీటర్లు కిందికి దించండి. ఎండాక మూత తీసి, లోపలి పేపర్ పొరలు తీసేస్తే, ఆ సందు వల్ల మూత వదులుగా, సులువుగా కూర్చుంటుంది. బిగుతు మూత అందంగా ఉంటుంది కానీ పిల్లలకి రాదు. మూత తీయడం రానివాళ్ళు బొమ్మలు తిరిగి పెట్టరు. ఇంట్లో పాకే వయసు పిల్లలుంటే మూత బిగించే కంటే బుట్టని అందనంత ఎత్తులో పెట్టడమే మంచిది.

లోపలి భాగం. న్యూస్ పేపర్ లో అచ్చు సిరా ఉంటుంది. అందుకే ఈ బుట్టలో తినేవి పెట్టకండి. బొమ్మలు కూడా పిల్లల నోట్లోకి వెళ్ళేవే కాబట్టి లోపల గుడ్డ అంటిస్తాం. రెండు చెంచాల మైదా ఒక గ్లాసు నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, సన్న సెగ మీద చిక్కబడే దాకా ఉడికించండి. చల్లారాక అదే జిగురు. కొందరు పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం వేస్తారు. పిల్లల వస్తువుకి అది వద్దే వద్దు, అది విషం. పాత కాటన్ చీర ముక్కకి జిగురు రాసి లోపల అంటించి మళ్ళీ ఒక రోజంతా ఎండబెట్టండి. మా బుట్టలో అమ్మమ్మ నేత చీర ముక్కే వేశాం.

ఇక అలంకారం. అసలు నేను తప్పు చేసింది ఇక్కడే కదా. అప్పుడు నేర్చుకున్న ఒకే ఒక్క రూలు చెప్తాను: ఊడిపోయేది ఏదీ అంటించొద్దు. పూసలు, అద్దాలు, చమ్కీలు, బటన్లు, గవ్వలు ఏవీ వద్దు. ఇంట్లో మూడేళ్ళ లోపు పిల్లలు ఉన్నా, అప్పుడప్పుడు వచ్చేవాళ్ళు ఉన్నా సరే. గ్లూ గన్ తో అంటించింది ఆ రోజుకి గట్టిగా ఉంటుంది. నున్నటి కాగితం మీద, వేసవి వేడిలో, పిల్లాడి గోళ్ళ కింద అది ఎన్నాళ్ళు ఉంటుందో ఎవరూ చెప్పలేరు.

అందం తగ్గిపోతుందా? తగ్గదు. ముందు శాండ్ పేపర్ తో పైభాగం నున్నగా రుద్దండి. ఒక పూత తెల్ల రంగు. దాని మీద ఎర్రమట్టి రంగు. ఆరాక సన్న బ్రష్ తో తెల్ల ముగ్గు. చుక్కల ముగ్గు అయితే పిల్లలకి సులువు. ముందు పెన్సిల్ తో చుక్కలు పెట్టిస్తే వాళ్ళే కలుపుకుంటారు. స్కూల్లో వాడే నీటి రంగులు చాలు. తలుపులకి, గ్రిల్ కి వేసి మిగిలిన ఎనామిల్ డబ్బా తీయకండి. మన దేశంలో ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం దాటకూడదని 2017 నవంబర్ నుంచి రూలు ఉంది, కానీ అటక మీద ఉన్న డబ్బా ఏ కాలందో మనకి తెలియదు. రంగు ఆరాక ఫెవికాల్ లో అంతే నీళ్ళు కలిపి రెండు పూతలు వేయండి. పాలలా తెల్లగా కనిపిస్తుంది, కంగారు పడకండి, ఆరితే అద్దంలా అవుతుంది. తడి చేత్తో పట్టుకున్నా రంగు అంటదు. అయినా నీళ్ళలో ముంచి కడిగే బుట్ట కాదిది, గుర్తుంచుకోండి.

ఇప్పుడు రెండోది, సొరుగుల పెట్టె. ఇది కాస్త పెద్ద పిల్లలకి, అంటే 6 ఏళ్ళు దాటినవాళ్ళకి. గోలీలు, బొమ్మల చెప్పులు, బోర్డు గేమ్ పావులు, చింతపిక్కలు, గవ్వలు లాంటివి పెద్ద బుట్టలో వేస్తే అడుక్కి పోతాయి. వాటికి ఖాళీ అగ్గిపెట్టెలు 9 తీసుకోండి. మూడేసి పక్కపక్కన, మూడు వరసలు ఒకదాని మీద ఒకటి అంటించండి. అంటించే ముందు పక్కన ఉండే నల్లటి గీకే పట్టీ మీద కాగితం అంటించి మూసేయండి, దాని మందు పిల్లల చేతికి తగలకూడదు. లోపల పుల్ల ఒక్కటి కూడా లేకుండా చూసుకోండి. మొత్తం పెట్టె చుట్టూ పాత క్యాలెండర్ కాగితం గానీ, చీర అంచు గానీ చుట్టి అంటించండి. సొరుగు లాగడానికి పూస పెట్టకండి. సొరుగు ముందు వైపు చిన్న రంధ్రం చేసి, రిబ్బన్ ముక్క లోపలికి దూర్చి, లోపల ముడి వేయండి. ఏ సొరుగులో ఏముందో పాపతోనే బొమ్మ గీయించండి. చదవడం రాని తమ్ముడికి కూడా అర్థమవుతుంది.

జాగ్రత్తల గురించి రెండు మాటలు, దయచేసి స్కిప్ చేయకండి. ఏ బొమ్మ మరీ చిన్నది? బొమ్మల భద్రతా పరీక్షల్లో దీనికి ఒక చిన్న గొట్టం వాడతారు, దాని వెడల్పు 31.7 మిల్లీమీటర్లు. అందులో పూర్తిగా పట్టేసే వస్తువు మూడేళ్ళ లోపు పిల్లల గొంతుకి అడ్డం పడొచ్చని లెక్క. మన ఇంట్లో టాయిలెట్ రోల్ లోపలి అట్ట గొట్టం దానికంటే కొంచెం పెద్దది. అందులోంచి జారి పడే ప్రతి వస్తువునీ చిన్నోళ్ళకి అందకుండా పెట్టేయండి. గోలీలు, చింతపిక్కలు, గవ్వలు, పైన చెప్పిన సొరుగుల పెట్టె అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. ఆ పెట్టె ఎత్తులో ఉండాల్సిందే.

బొత్తాల్లా ఉండే బటన్ బ్యాటరీలు, చిన్న గట్టి అయస్కాంతాలు బొమ్మల బుట్టలో అసలు ఉండకూడదు. ఒకవేళ పిల్లలు వాటిని మింగారని అనుమానం వచ్చినా సరే, "చూద్దాంలే, బయటికి వచ్చేస్తుంది" అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. 108 కి ఫోన్ చేయండి. ఇంకో మాట, నోట్లో ఏముందో కనిపించకుండా వేలు పెట్టి కెలకొద్దు, అది ఇంకా లోపలికి వెళ్ళొచ్చు. మా అక్కకి పూస బుగ్గ దగ్గర కనిపించింది కాబట్టి తీసింది. బొమ్మలు కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తు చూడండి. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో బొమ్మలకి అది తప్పనిసరి. మనం ఇంట్లో చేసే డబ్బాకి ఏ గుర్తూ ఉండదు, కాబట్టి దానికి పరీక్ష చేసేది మనమే. నెలకోసారి బుట్ట అంచు, రంగు, గుడ్డ ఊడుతున్నాయేమో చూసుకోండి.

చివరిగా, మా ఇంటి సంగతి చెప్పి ముగిస్తాను.

ఆ మార్చి బుట్ట మీద ముగ్గు వేసింది నేను కాదు, పాప. వేసవి సెలవులకి వచ్చినప్పుడు తనే వేసింది. చుక్కలు వంకరగా ఉన్నాయి, ఒక చోట లెక్క తప్పి గీత ఎటో పోయింది. "సరిచేయనా?" అని అడిగితే, "వద్దు పిన్నీ, అక్కడ పాము వెళ్తోంది" అంది. సరే పాము అలాగే ఉంది. నేను చేసిన మెరుపుల డబ్బా బీరువా పైన ఉన్నప్పుడు ఆ పిల్ల ఒక్కసారి కూడా అడగలేదు. ఈ బుట్టని మాత్రం ఎవర్నీ ముట్టుకోనివ్వదు. ఆట అయ్యాక తనే లెక్కపెట్టి లోపల పెడుతుంది. ఆ పిల్లకి నేనేం క్రమశిక్షణ నేర్పలేదు. కాగితాలు చింపిన దగ్గర్నుంచి తన చెయ్యి పడింది కాబట్టి అది తన బుట్ట. అంతే తేడా.

చిన్నోడికి ఇప్పుడు మూడేళ్ళు దాటాయి. ఈ సంక్రాంతికి వచ్చినప్పుడు వాడు తన కార్లు ఒక్కొక్కటిగా బుట్టలో వేసి, మూత పెట్టి, మూత మీద చెయ్యి వేసి "బజ్జో" అన్నాడు. అక్క నా వైపు చూసి నవ్వింది. రెండేళ్ళ కిందట అనని మాట ఏదో అప్పుడు అన్నట్టే అనిపించింది నాకు.

అమ్మమ్మ బుట్ట మళ్ళీ అటక ఎక్కలేదు. హాల్లో షెల్ఫ్ మీద ఉంది. నా లక్కపిడతలు అందులోనే ఉన్నాయి. ఒకటే బాధ. ఇది ఎలా చేసిందో ఆవిడ బతికుండగా అడగలేదు. పక్కనే కూర్చుని మెంతులు రుబ్బడం చూశాను, చేతికి ఫోన్ కూడా వచ్చింది ఆ రోజులకి, అయినా ఒక్క వీడియో తీయలేదు. చెంబు పొట్ట దాకానే వేయాలన్న చిన్న మాట కోసం నేను ఒక బుట్ట కోసుకోవాల్సి వచ్చింది.

అందుకని ఈ వీడియో చూశాక మీరు ముందు కాగితాలు నానబెట్టకండి. ముందు మీ ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గరికి వెళ్ళి, "కాగితం గుజ్జుతో ఎప్పుడైనా ఏమైనా చేశారా?" అని అడగండి. ఫోన్ లో రికార్డింగ్ ఆన్ చేసుకుని అడగండి. మీ ఊళ్ళో మెంతులకి బదులు ఇంకేదైనా వేసేవాళ్ళేమో, మీ నాయనమ్మ దగ్గర నాకు తెలియని చిట్కా ఇంకేదైనా ఉందేమో. ఉంటే నాకూ చెప్పండి, వచ్చే ఎపిసోడ్ లో అది చేసి చూద్దాం.

అప్పటిదాకా ఉంటాను ఫ్రెండ్స్. ఇవాళ రాత్రి పడుకునే ముందు ఒక్కసారి నేల మీద చూసుకుని నడవండి. నమస్తే.